సిఫార్సుల దొర చేసిన పరీక్షల చట్టం

అమెరికా ప్రెసిడెంట్ల పేర్లు చెప్పమని మీ ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి. వాషింగ్టన్ అంటారు, లింకన్ అంటారు, కెనెడీ అంటారు. కాస్త చదువుకున్నవాళ్ళయితే రూజ్‌వెల్ట్‌లు ఇద్దరున్నారని కూడా చెబుతారు. చెస్టర్ ఆర్థర్ అనే ఆయన కూడా ఒకరు వుండేవాడని చెప్పేవాళ్ళు నూటికి ఒక్కరుంటే గొప్పే. అమెరికా వాళ్ళకే ఆయన సరిగ్గా జ్ఞాపకం లేడు, ఇక మనల్ని అనుకుని ఏం లాభం! 1881 నుంచి 1885 దాకా, మూడున్నర ఏళ్ళు మాత్రమే ఆయన ఆ పదవిలో వున్నాడు. అదైనా ఎన్నికల్లో నెగ్గి వచ్చింది కాదు, ఇంకొకరు హత్యకు గురైతే వచ్చింది.

మరి ఇన్ని పేర్లుండగా ఈయన్నే ఎందుకు ఎత్తుకున్నానంటారా? సర్కారు ఉద్యోగం సిఫార్సు మీద కాక పరీక్ష మీద ఇవ్వాలని ఆ దేశంలో చట్టం వచ్చింది ఈయన సంతకంతోనే. చిత్రమేమిటంటే, అంతకు ముందు సిఫార్సు ఉద్యోగాల పంపకంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ మనిషి ఇలా ఎలా మారాడు? ఆ కథలో మనలాంటి గృహస్థు కుటుంబపు ఆడమనిషి ఒకావిడ వుంది. ఆవిడ దగ్గరికి నిదానంగా వద్దాం.

ఆర్థర్ 1829 అక్టోబరు 5న వెర్మాంట్ రాష్ట్రంలో ఫెయిర్‌ఫీల్డ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఐర్లండు నుంచి వచ్చిన బాప్టిస్టు బోధకుడు. నీగ్రోలను బానిసలుగా కొనడం, అమ్మడం మహాపాపమని వేదికెక్కి చెప్పేవాడు. ముక్కుసూటి మనిషి కావడంతో ఒక్క వూళ్ళో నిలదొక్కుకోలేదు. పిల్లల్ని వెంటేసుకుని వూరూరూ తిరగడమే సరిపోయింది ఆ ఇల్లాలికి. కొడుకు మాత్రం చదువుకుని, కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, న్యూయార్క్ చేరి 1854లో వకీలయ్యాడు.

వకీలయిన కొద్దికాలానికే ఆయన చేతికి ఒక కేసు వచ్చింది. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే నల్లజాతి యువతి న్యూయార్క్‌లో బడిపంతులమ్మ. ఆదివారాలు చర్చిలో ఆర్గాన్ వాయించేది. ఆవిడ తండ్రి టామస్ జెన్నింగ్స్ దర్జీ. నీళ్ళు తగలకుండా బట్టల మరకలు తీసే పద్ధతి ఒకటి కనిపెట్టి 1821లో పేటెంటు తీసుకున్నాడు. పట్టు చీరెలు డ్రై క్లీనింగుకు వేసేటప్పుడు ఈసారి ఆయన్ని ఒకసారి తలుచుకోండి. సరే, 1854 జులై 16న, ఆదివారం నాడు, చర్చికి వేళ మించిపోతోందని ఆవిడ గుర్రాలు లాగే ట్రాము బండి ఒకటి ఎక్కింది. నల్లవాళ్ళ బండి వెనక వస్తోంది, అందులో రమ్మన్నాడు కండక్టరు. ఆవిడ దిగనంది. రెక్క పుచ్చుకుని లాగాడు. కిటికీ చట్రం పట్టుకుని వదల్లేదు. చివరికి పోలీసువాణ్ణి కూడా పిలిచి, పట్టపగలు నడివీధిలో దింపేశారు. బట్టలు చిరిగాయి, టోపీ నలిగింది, దెబ్బలు తగిలాయి.

చూసినవాళ్ళు అయ్యో అని వూరుకునే రోజులు. ఆవిడ మాత్రం వూరుకోలేదు, కంపెనీ మీద దావా వేసింది. ఆవిడ తరఫున కోర్టులో వాదించింది ఇరవైయైదేళ్ళ ఆర్థర్. 1855 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. తాగకుండా, గొడవ చెయ్యకుండా, మర్యాదగా వున్న ఏ ప్రయాణీకులనైనా, వాళ్ళు నల్లవారైనా సరే, ఎక్కించుకు తీరాలన్నాడు న్యాయమూర్తి. జూరీ ఆవిడకి 225 డాలర్లు ఇప్పించింది. అది ఒక బడిపంతులమ్మకి ఏడాది పొడుగునా వచ్చేంత సొమ్ము. ఆ కంపెనీ వెంటనే తన బండ్లన్నిట్లో నల్లవాళ్ళని ఎక్కనిచ్చింది. రోజా పార్క్స్ బస్సులో సీటు ఖాళీ చెయ్యనన్నది 1955లో అని మనం చదువుకున్నాం. దానికి సరిగ్గా నూరేళ్ళ ముందు సంగతి ఇది.

ఇంత మంచిగా మొదలైన మనిషి ఆ దారినే పోయివుంటే మనం చెప్పుకోడానికి కథే లేదు. 1859లో ఆయన వర్జీనియాకు చెందిన ఎలెన్ హెర్న్‌డన్‌ని పెళ్ళాడాడు. ఇంట్లో నెల్ అనేవారు. నౌకాదళ అధికారి కూతురు. చక్కగా పాడేది. ఆవిడ తండ్రి 1857లో తుపానులో తన ఓడ మునిగిపోతుంటే ఆడవాళ్ళనీ పిల్లల్నీ పడవలకెక్కించి, తాను ఓడతోపాటే మునిగిపోయిన వీరుడు. పెళ్ళయిన రెండేళ్ళకల్లా అంతర్యుద్ధం వచ్చిపడింది. భర్త ఉత్తరాది సైన్యాలకి బట్టలు, తిండి, గుడారాలు సరఫరా చేసే అధికారి. భార్య పుట్టింటివాళ్ళంతా దక్షిణాది పక్షం. ఒకే కంచంలో తినే ఇద్దరి మధ్య యుద్ధం గీత గీస్తే ఆ ఇల్లు ఎలా వుంటుందో వూహించుకోండి. ఆ యుద్ధకాలంలోనే, 1863లో, వాళ్ళ మొదటి పిల్లవాడు రెండున్నరేళ్ళవాడు పోయాడు. ఆ తరవాత ఇంకొక కొడుకు, ఒక కూతురు పుట్టారు.

యుద్ధం అయిపోయాక ఆర్థర్ రాజకీయాల్లో బాగా మునిగాడు. న్యూయార్క్‌లో రిపబ్లికన్ పార్టీకి రాస్కో కాంక్లింగ్ అనే సెనేటరు మకుటంలేని మహారాజు. ఆయన చెప్పిందే వేదం. ఆర్థర్ ఆయనకి కుడిభుజమయ్యాడు. దానికి ఫలంగా 1871లో న్యూయార్క్ రేవు కస్టమ్స్ కలెక్టరు పదవి దొరికింది. ఈ కలెక్టరు అంటే మన జిల్లా కలెక్టరు అనుకునేరు, కాదు. ఓడల మీద వచ్చే సరుకుకి సుంకం వసూలు చేసే పెద్ద అధికారి. అమెరికాలోకి వచ్చే సరుకుల్లో ఎక్కువభాగం ఆ ఒక్క రేవులోనే దిగేది. ఆదాయపు పన్నులేని కాలం కనక కేంద్ర ప్రభుత్వం బతికేదే ముఖ్యంగా ఆ సుంకాల మీద. జీతమూ, తప్పుడు లెక్కలు పట్టుకుంటే వేసే జరిమానాల్లో వాటా కలుపుకుంటే ఆయనకి ఏడాదికి దాదాపు యాభైవేల డాలర్లు ముట్టేవి. దేశాధ్యక్షుడి జీతంతో సమానం!

ఆ ఆఫీసులో ఉద్యోగులు వెయ్యిమంది. అందరూ పార్టీ మనుషులే. ఫలానావాడు ఎన్నికల్లో మనకి తిరిగాడు, వాడికో గుమాస్తా పని. ఫలానా నాయకుడి బావమరిది ఖాళీగా వున్నాడు, వాడికో తనిఖీ పని. లెక్కలొచ్చా, చదవడం వచ్చా అన్న ప్రశ్నే లేదు. ఊరికే ఇస్తారా మరి? జీతంలోంచి నూటికి ఇంత అని పార్టీకి చందా కట్టాలి. చందా కట్టనివాడికి ఉద్యోగం వుండదు. పార్టీ మారి కొత్త ప్రెసిడెంటు వచ్చాడంటే పైనుంచి కింది దాకా పాతవాళ్ళని వూడ్చేసి తమవాళ్ళని పెట్టుకునేవారు. గెలిచినవాడికే కొల్లసొమ్ము అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు.

ఇందులో ఆడవాళ్ళ పాట్లు వేరు. యుద్ధకాలంలో మగవాళ్ళు తక్కువై, 1862 నుంచి వాషింగ్టన్‌లో ఖజానా శాఖలో నోట్ల కాగితాలు కత్తిరించడానికి, లెక్క పెట్టడానికి ఆడవాళ్ళని తీసుకోవడం మొదలుపెట్టారు. భర్త యుద్ధంలో పోయి పిల్లలతో మిగిలినవాళ్ళు చాలామంది ఆ పనుల్లో చేరారు. కానీ చేరాలంటే ఎవరో ఒక పెద్దమనిషి ఉత్తరం కావాలి. కాంగ్రెసు సభ్యుడి ఇంటి ముందు పడిగాపులు పడాలి. ఆయన మళ్ళీ ఎన్నికల్లో ఓడితే ఈవిడ ఉద్యోగమూ వూడుతుంది. ఒంటరి ఆడది ఒక మగవాడి దయాదాక్షిణ్యం మీద ఉద్యోగం తెచ్చుకుంటే లోకం ఏమంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అన్నారు కూడా, పత్రికల్లోనే రాశారు. పనిచేసే ప్రతి ఆడదాని వెనకా ఆ నీలినీడ వుండేది.

ఆర్థర్ స్వయంగా లంచగొండి అని ఎవరూ రుజువు చెయ్యలేదు. మనిషి మర్యాదస్తుడు, నిండుగా వుండేవాడు, స్నేహశీలి, మంచి భోజనప్రియుడు. పొద్దెక్కాక తీరుబడిగా ఆఫీసుకి వచ్చేవాడు. రాత్రి రెండూ మూడూ దాకా పార్టీ మిత్రులతో కబుర్లు. ఇంటి దగ్గర నెల్ కనిపెట్టుకుని వుండేది. ఇంటికి దీపం ఇల్లాలంటారు గాని, ఆ దీపం ఎవరికోసం వెలుగుతోందో చూసేందుకు ఇంటాయన వస్తే గదా!

1877లో హేస్ అనే ఆయన ప్రెసిడెంటయి ఈ రేవు వ్యవహారం మీద విచారణ పెట్టించాడు. అక్కరలేని మనుషులు కొల్లలుగా వున్నారని తేలింది. మరుసటి ఏడాది జులైలో ఆర్థర్‌ని పదవిలోంచి తొలగించాడు. దేశమంతా ఆ పేరు అప్రతిష్ఠపాలైంది. అది చాలదన్నట్టు 1880 జనవరిలో ఇంకొక పిడుగు పడింది. ఒక రాత్రి పాట కచేరీ నుంచి వస్తూ చలిలో బండి కోసం నిలబడ్డ నెల్‌కి జలుబు చేసి, న్యుమోనియాగా మారింది. ఆర్థర్ రాజకీయపు పని మీద ఆల్బనీలో వున్నాడు. కబురంది వచ్చేసరికి ఆవిడకి స్పృహ లేదు. జనవరి 12న పోయింది. అప్పటికి నలభై రెండేళ్ళే. మాట్లాడుకోవలసినవన్నీ మిగిలిపోయాయి.

ఆ ఏడాదే ఎన్నికలు. రిపబ్లికన్ పార్టీ మహాసభలో ముప్ఫయ్యారు సార్లు ఓట్లు వేస్తే గాని అభ్యర్థి తేలలేదు. చివరికి గార్‌ఫీల్డ్ నిలబడ్డాడు. అలిగిన కాంక్లింగ్ వర్గాన్ని బుజ్జగించడానికి ఉపాధ్యక్ష పదవి ఆ వర్గానికి చూపించారు. ఉపాధ్యక్షుడంటే చెయ్యాల్సిన పనేమీ లేని పదవి గదా, ఆర్థర్ అయినా ఫరవాలేదనుకున్నారు జనం. గెలిచారు.

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్లెస్ గిటో అనేవాడు గార్‌ఫీల్డ్‌ని వెనకనుంచి తుపాకితో కాల్చాడు. వాడు ఉద్యోగార్థి. ఎన్నికల్లో ఏదో ఉపన్యాసం రాశాను కనక నాకు పారిస్‌లో కాన్సల్ పదవి ఇవ్వాలని నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు. మతి స్థిమితం లేనివాడే, కాని ఆ పిచ్చికి ఆనాటి పద్ధతి పాలు పోసి పెంచింది. పట్టుబడ్డప్పుడు, తాను ఆర్థర్ వర్గం వాణ్ణనీ, ఇక ఆర్థర్ ప్రెసిడెంటవుతాడనీ కేక పెట్టాడు. ఆర్థర్‌కి ఇందులో ఏ సంబంధమూ లేదు. కాని జనం నోరు మూయించగలమా? ఆయనే చేయించాడన్నవాళ్ళున్నారు.

గార్‌ఫీల్డ్ వెంటనే పోలేదు. వైద్యులు శుభ్రంగా కడగని వేళ్ళూ, పనిముట్లూ గాయంలో పెట్టి గుండు కోసం వెతికి చీము పట్టించారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఒక యంత్రం తెచ్చి గుండు ఎక్కడుందో చూడబోయాడు, దొరకలేదు. రెండున్నర నెలలు ఆయన అలా మంచం మీద తీసుకున్నాడు. ఆ రోజుల్లో చాలావరకు ఆర్థర్ న్యూయార్క్‌లో తన ఇంట్లో తలుపులేసుకు కూర్చున్నాడు. బయటికొస్తే పదవికి తొందరపడుతున్నాడంటారు.

సరిగ్గా అప్పుడే, ఆగస్టు 27 తేదీతో ఒక ఉత్తరం వచ్చింది. రాసింది జూలియా శాండ్. ముప్ఫయ్యొక్కేళ్ళ అవివాహిత. న్యూయార్క్‌లోనే సోదరుడి ఇంట్లో వుండేది. కాలు సరిగా సాగదు, చెవి సరిగా వినపడదు, ఎప్పుడూ ఏదో అనారోగ్యం. లోకమంతా ఆవిడకి పత్రికల్లోంచే. ఓటు హక్కు ఆడవాళ్ళకి లేనేలేదు, అది దేశమంతటా రావడానికి 1920 దాకా ఆగాలి. ఆర్థర్‌ని ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు.

ఆ ఉత్తరంలో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. జనం దుఃఖపడుతున్నది గార్‌ఫీల్డ్ పోతాడని కాదు, ఆయన తరవాత నువ్వొస్తావని, అని మొహం మీద కొట్టినట్టు రాసింది. నీ మీద అనుమానం కూడా పడుతున్నారు, నాకు తెలుసు నువ్వు అటువంటివాడివి కాదు అంది. నీలో మంచి వుంది, పెద్ద గండం వచ్చినప్పుడే మనిషిలో నిద్రపోతున్న మంచి లేస్తుంది, మారు, సంస్కరించు అంది. ఏనాడూ తప్పు చెయ్యకపోవడం గొప్ప కాదు, నడుస్తున్న దారిలో ఆగి, అది చెడ్డదని తెలుసుకుని, గట్టిగా వెనక్కి తిరగడం గొప్ప అని కూడా రాసింది. సింహాసనం పక్కన నిలబడి రాజుకి నిజం చెప్పే మరుగుజ్జు విదూషకుడిలాంటిదాన్ని నేను అనుకో అని ఒక ఉత్తరంలో తన్ను తానే పరిచయం చేసుకుంది. అలా 1883 దాకా మొత్తం 23 ఉత్తరాలు రాసింది. మెచ్చుకోవలసినప్పుడు మెచ్చుకుంది, చీవాట్లు పెట్టవలసినప్పుడు అక్కగారిలా పెట్టింది. కాంక్లింగ్‌ని దగ్గరికి రానివ్వకు అన్న హెచ్చరిక కూడా చేసింది.

సెప్టెంబరు 19 రాత్రి గార్‌ఫీల్డ్ పోయాడు. తంతి అందుకున్న ఆర్థర్ బల్ల మీద తలపెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడని తలుపు దగ్గరి నౌకరు పత్రికలవాళ్ళతో చెప్పాడు. అర్ధరాత్రి దాటాక ఒక జడ్జిని వెతికి తెచ్చి, రెండుంబావుకి, 123 లెగ్జింగ్టన్ ఎవెన్యూలో ఆ ఇంట్లోనే ప్రమాణస్వీకారం చేయించారు. దొడ్డ వేడుకలూ లేవు, పక్కన భార్యా లేదు.

కాంక్లింగ్ వాలిపోయాడు. న్యూయార్క్ రేవుకి గార్‌ఫీల్డ్ నియమించిన కలెక్టర్ని తీసేసి నా మనిషిని వెయ్యి అన్నాడు. పదేళ్ళ స్నేహం, పదవులన్నీ పెట్టిన చెయ్యి. ఆర్థర్ కుదరదన్నాడు. నా ఉద్దేశంలో ఆయన మారింది చట్టం మీద సంతకం పెట్టిననాడు కాదు, ఈ మాట అన్ననాడు. సంతకానికి కలముంటే చాలు, అన్నం పెట్టిన పాత మిత్రుడికి మొహం మీద లేదని చెప్పడానికి గుండె వుండాలి. సొంత బంధువుల్లో ఒకరికి లేదని చెప్పాల్సివస్తే మనకెన్ని రాత్రుళ్ళు నిద్రపట్టదో ఆలోచించండి.

1882 ఆగస్టు 20, ఆదివారం సాయంత్రం, జూలియా వాళ్ళ ఇంటి ముందు ఒక మంచి గుర్రబ్బండి ఆగింది. దిగింది ప్రెసిడెంటు. చెప్పా పెట్టకుండా వచ్చాడు. ఇంట్లోవాళ్ళు ఎంత హడావిడి పడ్డారో! దాదాపు గంటసేపు కూర్చుని మాట్లాడి వెళ్ళాడు. తరవాత ఉత్తరాల్లో ఆవిడ మళ్ళీ రమ్మని అడిగింది. వచ్చిన దాఖలా లేదు. ఆ ఉత్తరాల వల్లే ఆయన మారాడని నేననను. భార్య పోయిన దుఃఖం వుంది, తన పేరు చెప్పి హంతకుడు తుపాకి పేల్చాడన్న సిగ్గు వుంది. కాని తిట్టిన ఆవిడ ఇంటికి వెతుక్కుంటూ వెళ్ళాడంటే ఆ మాటలు చెవిన పడ్డట్టే గదా!

ఇక చట్టం. దాని చరిత్రలో మనకి కొంచెం చుట్టరికం వుంది. ఉద్యోగాలకి బహిరంగంగా పోటీ పరీక్షలు పెట్టే పద్ధతిని ఇంగ్లీషువాళ్ళు ముందుగా 1855లో అమలు పెట్టింది మన దేశానికి పంపే సివిల్ సర్వీసు కోసం. పరీక్ష లండన్‌లోనే జరిగేది కనక మనవాళ్ళకది అందని పండే, అది వేరే సంగతి. ఇంగ్లండు ఆఫీసుల్లో కూడా అదే పద్ధతి పెట్టాలని 1854లో నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు చార్లెస్ ట్రెవెల్యాన్. మెకాలే చెల్లెలి భర్త. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన సర్కారు జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ పాలన కిందే వుండేవి. కొత్త పన్నులు వద్దని కలకత్తా ప్రభుత్వంతో పేచీపడి మరుసటి ఏడాదే వెనక్కి పిలిపించబడ్డాడు. ఈ ఇంగ్లీషు పద్ధతినంతా వెళ్ళి చదివి వచ్చి డార్మన్ ఈటన్ అనే అమెరికా వకీలు 1880లో పెద్ద గ్రంథం రాశాడు. ఆ ఈటనే బిల్లు ముసాయిదా తయారుచేశాడు. ఒహాయో సెనేటరు పెండిల్టన్ దాన్ని ప్రవేశపెట్టడంతో పెండిల్టన్ చట్టమని పేరొచ్చింది.

ఆర్థర్‌కి పరీక్షల మీద మొదట్లో కొంచెం సందేహం లేకపోలేదు. పుస్తకాలు బట్టీపట్టిన కుర్రవాళ్ళు అనుభవజ్ఞుల్ని వెనక్కి నెట్టేస్తారేమోనన్నాడు. నిజం చెప్పాలంటే ఆ భయం నేటికీ తీరలేదు. అయినా కాంగ్రెసు చట్టం చేస్తే తాను అమలు జరుపుతానని 1881 డిసెంబరులోనే మాట ఇచ్చాడు. కాంగ్రెసు ఏడాది పాటు నానబెట్టింది. 1882 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్లు చిత్తుగా ఓడారు. రేపు అవతలివాళ్ళు వస్తే మనవాళ్ళందర్నీ వూడ్చేస్తారు, చట్టమంటూ వుంటే నిలుస్తారు అన్న బెంగ పట్టుకునేసరికి అందరికీ సంస్కరణ మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. సెనేటులో 38కి 5, కింది సభలో 155కి 47 ఓట్లతో నెగ్గించి పంపారు. 1883 జనవరి 16న ఆర్థర్ సంతకం పెట్టాడు.

ముగ్గురు సభ్యుల సివిల్ సర్వీస్ కమిషన్, దానికి ఈటనే అధ్యక్షుడు. కొన్ని తరగతుల ఉద్యోగాలకి పోటీ పరీక్ష తప్పనిసరి. పార్టీకి చందా కట్టలేదని ఎవరినీ తీసెయ్యకూడదు. సర్కారు ఆఫీసులో చందా వసూలు చేస్తే నేరం. చందాల మీదనే ఎదిగిన మనిషి చందాల మీద కత్తి దూశాడన్నమాట. మొదట్లో ఇది నూటికి పది ఉద్యోగాలకే వర్తించింది. కాని ప్రెసిడెంటు ఆజ్ఞతో ఆ జాబితా పెంచుకునే వీలు చట్టంలోనే పెట్టారు. దిగిపోయే ప్రతి ప్రెసిడెంటూ తనవాళ్ళ పదవులు భద్రంగా వుండాలని కొన్ని చొప్పున కలుపుతూ పోయాడు. అలా స్వార్థంతోనే పరమార్థం సిద్ధించి, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకానికల్లా సగానికి పైగా ఉద్యోగాలు పరీక్షల కిందికి వచ్చాయి.

ఆ మొదటి పరీక్షల్లో అందరికన్నా ఎక్కువ మార్కులు ఎవరికొచ్చాయో తెలుసునా? మేరీ ఫ్రాన్సిస్ హోయిట్ అనే అమ్మాయికి. వాసర్ కాలేజీలో చదువుకున్నది. 1883 సెప్టెంబరు 5న ఖజానా శాఖలో ఏడాదికి 900 డాలర్ల జీతం మీద గుమాస్తాగా చేరింది. ఈ చట్టం కింద ఉద్యోగం పొందిన రెండోవ్యక్తి ఆవిడ, ఆడవాళ్ళలో మొదటిది. ఏ కాంగ్రెసు సభ్యుడి గుమ్మం ముందూ నిలబడలేదు. అలాగని ఆడవాళ్ళ కష్టాలు తీరిపోయాయనుకోకండి. మాకు మగ గుమాస్తాయే కావాలని ఆఫీసు అధికారులు అడిగే వెసులుబాటు ఆ తరవాత చాలా ఏళ్ళు వుండిపోయింది. ఆడపిల్ల పరీక్ష ప్యాసయి ఇంట్లో కూర్చోవడం అక్కడా వుంది. మన ఐ.ఏ.ఎస్.లో మొదటి మహిళ అన్నా రాజం 1951లో చేరేనాటికి కూడా, ఆడపిల్లవి నీకెందుకీ ఉద్యోగం అని ఇంటర్వ్యూలో అడిగారు గదా!

ఆయన చేసినవన్నీ ఇలా మెచ్చదగ్గవే అంటే అబద్ధమవుతుంది. చైనా కూలీలు అమెరికాలోకి రాకూడదని కాంగ్రెసు 1882లో ఇరవయ్యేళ్ళ నిషేధం పెడితే ఆయన వీటో చేశాడు. బాగానే వుంది. కాని దాన్ని పదేళ్ళకి తగ్గించి మళ్ళీ పంపితే మే 6న సంతకం పెట్టేశాడు. ఒక జాతి పేరు పెట్టి వాళ్ళకి తలుపు మూసిన ఆ చట్టం పదేళ్ళతో పోలేదు, పొడిగింపుల మీద పొడిగింపులతో 1943 దాకా నడిచింది. ఎలిజబెత్ జెన్నింగ్స్ కేసు వాదించిన చేతులే ఆ సంతకం పెట్టాయంటే నాకు కష్టంగానే వుంటుంది. నదులూ రేవుల పేరు చెప్పి ఎవరి వూరికి వాళ్ళు డబ్బు పంచుకున్న బిల్లుని కూడా ఆపబోయాడు గాని, కాంగ్రెసు మర్నాడే ఆయన వీటోని తోసిపుచ్చింది.

ఇంటి సంగతి కూడా కాస్త వినండి. శ్వేతసౌధం పాతబడి, మాసిపోయి వుంటే, బాగుచేస్తే గాని గృహప్రవేశం చెయ్యనని కూర్చున్నాడు. మనవాళ్ళు పండక్కి సున్నాలు వేయించేటప్పుడు పాత సామాను వదిలించుకున్నట్టు, ఇరవైనాలుగు బండ్ల సామాను వేలం వేయించాడు. ఇళ్ళ అలంకరణలో పేరుమోసిన టిఫనీ వచ్చి రంగు అద్దాల తెర కట్టాడు. చెల్లెలు మేరీ మెకెల్‌రాయ్ ఆల్బనీలో తన నలుగురు పిల్లల సంసారం చూసుకుంటూనే, విందుల రోజుల్లో వచ్చి ఇంటిపెద్దగా అతిథుల్ని చూసుకునేది. నెల్ స్థానం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడ ఫొటో ముందు రోజూ తాజాపూలు పెట్టించేవాడు. ఎదురుగా వున్న సెయింట్ జాన్స్ చర్చికి ఆవిడ జ్ఞాపకార్థం ఒక రంగుటద్దాల కిటికీ ఇచ్చి, రాత్రిళ్ళు లోపల దీపాలు వెలిగితే తన గదిలోంచి కనిపించేలా దక్షిణం వైపు పెట్టించాడు. బతికుండగా ఇవ్వని పొద్దంతా అప్పుడిచ్చాడు.

1882లోనే ఆయనకి బ్రైట్స్ వ్యాధి అని తేలింది. మూత్రపిండాలు దెబ్బతినే జబ్బు, ఆ రోజుల్లో మందు లేదు. ఎవరికీ చెప్పలేదు. 1884లో పార్టీ ఆయనకి మళ్ళీ టిక్కెట్టివ్వలేదు. పాత మిత్రులకి దూరమయ్యాడు, సంస్కర్తలు పూర్తిగా నమ్మలేదు. ఆయనా పెద్దగా పట్టుబట్టలేదు. 1886 నవంబరు 18న యాభైయేడేళ్ళ వయసులో న్యూయార్క్ ఇంట్లోనే పోయాడు. ఆల్బనీలో నెల్ పక్కనే సమాధి చేశారు. ప్రమాణస్వీకారం జరిగిన ఆ ఇల్లు నిలిచేవుంది. ఆ చుట్టుపక్కల మనవాళ్ళ అంగళ్ళు ఎక్కువై, ఆ ఇంటి కింది అంతస్తులోనే మసాలా దినుసులు, పప్పులు అమ్మే పెద్ద దుకాణం పేరుమోసింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఆ గుమ్మం పక్కన ఆయన పేరున్న ఫలకం చూడవచ్చు.

పోవడానికి రెండురోజుల ముందు ఆర్థర్ తన కాగితాలన్నీ తెప్పించి తగలబెట్టించాడు. పెద్దపెద్ద డబ్బాలు నింపి నింపి కాల్చారట. అందుకే ఆయన గురించి రాసేవాళ్ళకి ఆధారాలు దొరకవు. జూలియా ఉత్తరాలు మాత్రం ఎలాగో మంటల్లో పడలేదు. కుటుంబంలో చేతులు మారి, మనవడి దగ్గర్నుంచి 1958లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. ఆవిడ 1933 దాకా బతికింది. ఆడవాళ్ళకి ఓటు రావడం కళ్ళారా చూసింది. ఆ 23 ఉత్తరాల్లో ఒక్కదానికైనా ఆయన రాసిన జవాబు ఇంతవరకూ బయటపడలేదు.